గడువు లోపల అక్క గొంతు

పెద్ద సర్వర్ పడిపోయిందని ఆమెకి ముందుగా చెప్పింది చెవి. చలి వేసే ఆ అద్దాల గదిలో కూర్చుని కూర్చుని యంత్రాల హోరు ఆమెకి పక్కన పడుకున్నవాళ్ల గురకలా అలవాటైపోయింది. ఉన్నంతసేపూ వినిపించదు, ఆగితేనే ఉలిక్కిపడుతుంది. ఇప్పుడు సగం హోరు ఆగింది. తలెత్తి చూస్తే పెద్దదాని మొహాన ఒక్క దీపం లేదు. పోయేదానివి రేపు పోకూడదూ, అనుకుంది, వచ్చే నెల పో, నీ ఇష్టమొచ్చినప్పుడు పో, ఇవాళ మధ్యాహ్నం తప్ప ఇంకెప్పుడైనా పోవచ్చు కదే, పాత భవనంలో అక్క మాట్లాడుతోంది కదే. అక్క మాట్లాడేది ఇవాళ్టితో సరి. రేపు పొద్దున్నే ఆస్పత్రిలో గొంతు తీసేస్తారు. ఈ రేడియో స్టేషన్లో వార్తలు చదివేవాళ్లూ, పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లూ, అందరి గొంతులూ వచ్చి చేరేది ఈ గదిలోకే, ఈ రెండు సర్వర్లలోకే. వాటి కాపలా ఆమెది. ఏ ఫైలుకి ఎవరు తాళం వేసుకున్నారో చూడటమే పని కాబట్టి ఆఫీసంతా ఆమెని తాళాలమ్మ అంటుంది. తాళాలమ్మ చేతులు కీబోర్డు మీదకి పోయాయి.

రెండోది అప్పటికే లేచింది. లేస్తుందని తెలుసు, దీనికోసమే కదా రెండు పెట్టింది. పెద్దది పోతే చిన్నది దాని చిరునామా తీసుకుని నేనే పెద్దదాన్నని నిలబడుతుంది. డిస్కులు ఉమ్మడివి, ఫైళ్లెక్కడికీ పోవు. పోయేది జ్ఞాపకం ఒక్కటే. ఏ యంత్రం ఏ ఫైలుకి తాళం వేసుకుని రాసుకుంటోందో పెద్దదాని తలలో ఉండేది, దానితోపాటే పోయింది. అందుకని చిన్నది లేవగానే గుమ్మంలో నిలబడి అడుగుతుంది: ఇదివరకు తాళాలున్న వాళ్లెవరో వచ్చి చెప్పుకోండి, అందాకా కొత్తగా ఎవరికీ ఏదీ ఇవ్వను. తొంభై సెకన్లు ఆగుతుంది. ఆ లోపల వచ్చి చెప్పుకున్నవాడిది వాడికే. రానివాడు తర్వాత వచ్చి గుమ్మం ముందు కొట్టుకున్నా, నువ్వెవరో నాకు తెలియదు పో అంటుంది. ఆ తొంభై సెకన్లకి ఆఫీసులో గ్రేస్ అని పేరు. ఒకసారి అక్కకి చెబితే పళ్లు బయటపెట్టి నవ్వింది. "ఓస్, ఇది మా వేలం పాటే కదే! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అన్నాక గుండెలు బాదుకున్నా లాభం లేదు, టమాటాలు వెళ్లిపోయినట్టే."

తెరమీద యంత్రాల పేర్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి, వార్తల గదివి వచ్చాయి, లైబ్రరీది వచ్చింది, మెట్ల కింద గదిలో ఎవరూ వాడని ముసలి యంత్రం కూడా నేనున్నానంటూ వచ్చింది, రికార్డింగ్ గది రాలేదు. వస్తుంది. అక్క మాత్రం ఏనాడు టైముకి వచ్చింది కనక, అందరూ సినిమాలో కూర్చున్నాక చీకట్లో కాళ్లు తొక్కుకుంటూ వచ్చే రకం, వచ్చి "ఏమయిందే ఇప్పటిదాకా" అని హాలంతా వినపడేలా అడిగే రకం. ఆ గొంతు కూరగాయల మార్కెట్లో తయారైందనుకుంటారు అందరూ, తెల్లవారక ముందే లారీల మధ్య, ఉల్లి బస్తాల మీద ఎక్కి నిలబడి, వందమంది బేరగాళ్ల నోళ్లు మూయించే వేలం మనిషిది అలాంటి గొంతే కావాలి మరి. కానీ అది ఇంట్లో తయారైంది. అమ్మకి చెవుడు. అక్క అరిచేది, అమ్మ వినేది, మధ్యలో తను ఏమీ అనకుండా అన్నం తినేది. మాట్లాడటం అక్క వాటాకి వెళ్లిపోయింది, పుట్టుకతోనే పంపకాలు అయిపోయినట్టు. బళ్లో పక్కపిల్ల దగ్గర చూసి రాశావని మాస్టారు తనని గోడ దగ్గర నిలబెడితే, చూడలేదు అన్న రెండు ముక్కలు నోట్లోంచి ఊడిపడక ఏడుస్తూ నిలబడితే, అక్క వచ్చి మాట్లాడింది, పక్క తరగతులు కూడా పాఠాలు ఆపి విన్నాయి. ఇల్లు అద్దెకి మాట్లాడింది అక్క. ఈ ఉద్యోగానికి ముందు రోజు అద్దం ముందు కూర్చోబెట్టి "చెప్పు, నాకు పని వచ్చు అని చెప్పు, గట్టిగా చెప్పు, అమ్మకి చెప్పినట్టు చెప్పు" అని తల మీద మొట్టింది అక్క. రా అక్కా. రావే. రికార్డింగ్ గది రాలేదు.

ఎందుకు రాలేదో వేళ్లు వెతుకుతున్నాయి, మనసు ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఉంది. మొదట బొంగురు. సీజన్ కదా, అరిచీ అరిచీ అలా అయిందిలే అనుకున్నారు, మిఠాయి బిళ్లలు చప్పరించారు. బొంగురు తగ్గలేదు. డాక్టరమ్మ సన్నగా, తన గొంతు తనకి ఉన్నందుకు సిగ్గుపడుతున్నట్టు చెప్పింది, గొంతు పెట్టె తీసెయ్యాలి, మనిషి దక్కుతుంది, మాట దక్కదు. అక్క "తీసిన పెట్టె మా చెల్లెలికి పెట్టెయ్యండి, దానిది ఎలాగూ పనిచెయ్యదు" అంది. డాక్టరమ్మకి నవ్వాలో వద్దో తెలియలేదు. లారీ తోలే బావ ఇంటికొచ్చాక "అయితే ఇకనుంచి ఇంట్లో నాదే రాజ్యమన్నమాట" అన్నాడు, అని బాత్రూంలోకి వెళ్లి పంపు తిప్పాడు, బకెట్టు నిండి పొర్లిపోతున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు, ఎవరూ తలుపు కొట్టలేదు. ఆ నీళ్ల చప్పుడు వింటూండగానే తనకి తట్టింది, మా ఆఫీసులో గొంతులు దాస్తారు కదా, ఒక మనిషి చేత తగినన్ని మాటలు పలికించి పెట్టుకుంటే తర్వాత యంత్రం ఆ గొంతుతోనే ఏ మాటైనా పలుకుతుంది కదా. పుట్టి బుద్ధెరిగాక అక్కకోసం నోరు తెరిచి నలుగురినీ అడిగింది ఇదొక్కటే. ఒప్పుకున్నారు. స్టేషన్ ఇన్‌ఛార్జే ఒప్పుకున్నాడు, ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోండమ్మా అన్నాడు, ఎప్పుడని అడగలేదు. ఆస్పత్రి వాళ్లు తేదీ ముందుకి జరిపారు. మిగిలింది ఈ మధ్యాహ్నం. గొంతు గంట గంటకీ పూడుకుపోతోంది. ఇవాళ పలికింది ఇంకోసారి పలకడానికి ఉండదు.

దొరికింది. పాత భవనంలో వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె ఒకటుంది, మెట్ల పక్క అరలో. చిరునామా మారిందన్న సంగతి దానికి ఇంకా ఎక్కలేదు. చచ్చినవాడి ఇంటికే ఉత్తరాలు మోస్తోంది. రికార్డింగ్ గది యంత్రం పాపం నేనున్నాను, నేనున్నాను అని అంటూనే ఉండి ఉంటుంది, అవన్నీ దీపాల్లేని పెద్దదాని గుమ్మంలో పడుతున్నాయి. కాసేపటికి దానంతటదే తెలుసుకుంటుంది, కానీ ఆ కాసేపు తొంభై సెకన్లలో పట్టదు. పట్టకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు, తెలియకపోతే బాగుండేది. ఆ ఫైలుకి వేరే పోటీదారు లేడు కాబట్టి పెద్ద సర్వర్ మధ్యాహ్నమే దాన్ని పూర్తిగా ఆ యంత్రానికే అప్పగించింది, నువ్వే చూసుకో, ఇంకెవరైనా అడిగితే కబురు చేస్తాను అని. అందుకని అక్క పలికిందంతా డిస్కుకి రాలేదు, ఆ యంత్రం ఒళ్లోనే ఉంది. ఇప్పుడు గడువు దాటి గుమ్మానికొస్తే చిన్నది నువ్వెవరు అంటుంది. తాళం పోయిందని తెలిసిన మరుక్షణం ఆ రికార్డింగ్ ప్రోగ్రాం ఫైలు పాడైపోయిందనుకుని ఒళ్లో ఉన్నదంతా దులిపేసుకుని లేస్తుంది. దాని పద్ధతి అది. అక్క మాటలు, మధ్యాహ్నమంతా నీళ్లు గుటకేస్తూ, మెడ పట్టుకుని పలికిన మాటలు, దులిపేసుకుంటుంది.

బల్ల మీది ఫోన్ నుంచి సౌండ్ బాబాయికి చేసింది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ సౌండ్ ఇంజనీరు ఆయన, ఎర్ర దీపం వెలిగించాడంటే ఫోన్ నోరు నొక్కేస్తాడు, చెయ్యి ఊపితే ఆ గాలి కూడా మైకులో పడుతుందనే మనిషి. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆ ఫోన్ పెట్టక ముందే ఆమె సెల్ మోగింది, ఇన్‌ఛార్జి.

"తాళాలమ్మా, ఏంటిది? బులెటిన్‌కి టైమైపోతోంది. వార్తల గదిలో ఒక్క ఫైలు తెరుచుకోవట్లేదు."

"పెద్దది పోయింది సార్. చిన్నది లేచింది. గ్రేస్‌లో ఉంది."

"అందరూ వచ్చేశారు కదా? మరి ఇంకా ఎవరికోసం ఆగడం? ముగించెయ్."

ముగించడానికి ఒక ఆజ్ఞ ఉంది. ఒక్క వరుస కొడితే గుమ్మం మూసేసి, ఇక కొత్తవాళ్లు రండి అంటుంది. "రికార్డింగ్ గది రాలేదు సార్" అంది.

"ఒక్క యంత్రానికి భవనమంతా ఆగాలా? అందులో ఏముందని?"

అందులో ఏముందని. చెప్పు. గట్టిగా చెప్పు, అమ్మకి చెప్పినట్టు చెప్పు. అందులో మా అక్క ఉంది సార్, ఉల్లిబస్తాల మీద నిలబడ్డ మా అక్క, నా ముక్కు తుడిచిన మా అక్క, రేపటినుంచి లేని మా అక్క ఉంది సార్. నోటి వరకు వచ్చినవి నాలుక కింద దూరాయి, చిన్నప్పుడు గోడ దగ్గర దూరినట్టే. "ఉంది సార్" అంది. అంతే వచ్చింది.

"రికార్డింగ్ ఏదైనా మళ్లీ చేసుకోవచ్చమ్మా. వార్త టైముకి చదవకపోతే అది వార్తే కాదు." చెడ్డవాడు కాదు. ఇదివరకు కూడా ఇదే మాట మీద ఇద్దరికీ వాదన, వాదనంటే ఆయన మాట్లాడటం, ఆమె తలూపకుండా నిలబడటం. గడువు తగ్గించమంటాడు, యంత్రాలు ఇంకా చప్పున హాజరు పలకాలి, పలకనివాడి తాళం చప్పున ఊడపీకాలి, పడ్డప్పుడు చప్పున లేవాలి. ఆయన వైపు నుంచి చూస్తే నిజమే, మైకు ముందు నోరు మూతపడ్డ ప్రతి క్షణం ఆయన నెత్తిన పడుతుంది. ఆమె పెంచమంటుంది. దూరంగా ఉన్నవాళ్లుంటారు సార్, నెమ్మదైనవాళ్లుంటారు, దారి తప్పి వచ్చేవాళ్లుంటారు, వాళ్లు చచ్చిపోలేదు, ఆలస్యమైందంతే. ఆ మాటలన్నీ మనసులో అనుకునేది. నోటితో మాత్రం "కొంచెం ఎక్కువుంటే మంచిది సార్" అనేది. చివరికి ఆయన అన్నంత తక్కువా కాకుండా ఆమె అన్నంత ఎక్కువా కాకుండా తొంభై దగ్గర ఆగారు. ఆ తొంభై ఇప్పుడు తెరమీద కరిగిపోతోంది, రెండోసారి కూడా దాటేసింది. ఇక మిగిలింది మూడోసారే. అది అనకముందే ఏదో ఒకటి చెయ్యాలి, అన్నాక చేసేదానికి అర్థం లేదు. గడువు దాటితే చిన్నది రానివాళ్ల పేర్లు కొట్టేసి కూర్చుంటుంది, ఆ తర్వాత దాని కాళ్ల మీద పడ్డా వినదు.

చేతులు మాత్రం మాట్లాడతాయి. వాటికి ఎప్పుడూ అక్క సాయం అక్కర్లేకపోయింది. తొంభై చెరిపేసి అయిదు నిమిషాలు రాసింది, రాసి చిన్న సర్వర్ సేవని తనే కూలదోసింది. కూలదోస్తే మళ్లీ లేస్తుంది, లేస్తే ఎవరి సంగతీ గుర్తుండదు, మళ్లీ గుమ్మంలో నిలబడి మొదటినుంచి అడుగుతుంది, ఈసారి తీరిగ్గా, అయిదు నిమిషాలు. వచ్చి కుదురుకున్నవాళ్లందరూ మళ్లీ వీధిన పడ్డారు. తెరమీద పేర్లన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. చెవిలో ఇన్‌ఛార్జి "ఏంచేశావ్? అన్నీ మళ్లీ పోయాయి! ఏంచేశావమ్మా?" అంటున్నాడు. ఫోన్ జేబులో పడేసుకుని పరుగెత్తింది.

మెట్లు. లిఫ్టు కోసం ఆగితే అది కూడా ఒక గడువే. చెప్పు ఒకటి మలుపులో ఊడింది, రెండోది తనే విదిలించేసింది. ఎదురొచ్చిన టీ ట్రే మనిషి గోడకి అతుక్కుపోయాడు. ఏం చేసింది తను, వార్తలు ఆపేసింది, ఊళ్లో వాళ్లు రేడియో పెట్టుకుని కూర్చుని ఉంటారు, వరద కబురేదైనా ఉందేమో, ఎవరి ఇల్లు మునుగుతుందో చెప్పే ముక్క అందులో ఉందేమో, ఒక్క అక్క గొంతు కోసం ఎంతమంది చెవులు కోసింది. తప్పే. తప్పైతే తప్పు. బావ బకెట్టు పొర్లుతూనే ఉంది. భవనాల మధ్య ఎండ భగ్గుమంది, సిమెంటు అరికాళ్లని కాల్చింది, మంచిదే అనిపించింది, ఏదో ఒకటి కాలాలి. ఒకవేళ ఇదంతా చేసి కూడా దక్కకపోతే. ఇన్నేళ్లూ అందరి గొంతులకీ కాపలా కాసి సొంత అక్క గొంతు జారవిడుచుకుంటే ఏ మొహంతో చెబుతుంది, అక్క అడుగుతుంది కదా బాగా వచ్చిందా అని, రేపు బల్ల మీదకి ఎక్కిస్తుంటే అడుగుతుంది, అబద్ధం చెప్పడానికి కూడా గొంతు కావాలే, తనకి లేదే. పాత భవనం మెట్ల పక్క అర తలుపు బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో పీకింది. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగితే పెళ్లున వచ్చి భుజానికి తగిలింది. లోపల దుమ్ములో స్విచ్ పెట్టె పచ్చగా మినుకుమంటోంది, ఏమీ జరగనట్టు, తన ఉద్యోగం తను బ్రహ్మాండంగా చేస్తున్నట్టు. కరెంటు తీగ పట్టుకుని ఊడపీకింది. దీపాలారాయి. ఊపిరి పీల్చింది. మళ్లీ గుచ్చింది. ఎర్రదీపం, ఎర్రదీపం, పసుపు. ఇది లేవడానికి ఇంత సేపా, లే తల్లీ, నీ కాళ్లు మొక్కుతా, లే. ఎంతసేపైందో తెలియదు, ఇక్కడ సెకన్లు చూపే తెర లేదు. పచ్చ.

స్టూడియో తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. జన్మలో మొదటిసారి దాన్ని లెక్కచెయ్యకుండా తలుపు తోసింది. సౌండ్ బాబాయి చెవులమీదవి తీసి మండిపడబోయి, ఆమె కాళ్లు చూసి ఆగిపోయాడు. "ఏమైందమ్మా, చెప్పులేవి?" ఆమె ఆయన్ని దాటి తెర దగ్గరికి వంగింది. ఫైలు ఎంతవరకు సేవ్ అయిందో చూపే గీత కదలకుండా ఉంది. అద్దం అవతల అక్క చదవడం అయిపోయిన కాగితం పట్టుకుని ఏదో అంటోంది, మెడ చుట్టూ కండువా, పెదాలు కదులుతున్నాయి. కదలవే. గీత కదలలేదు. కదలవే పాపిష్ఠిదానా. బాబాయి ఏదో అడుగుతున్నాడు. గీత ఒక వెంట్రుకవాసి కదిలింది. ఇంకాస్త. తర్వాత జారుడుబల్ల మీద పిల్లలా చివరిదాకా జారి, సేవ్ అయింది అని రాసింది.

ఆమె నేలమీదే కూలబడింది. బాబాయి కళ్లజోడు సర్దుకుని ఫైలు చివరికి వెళ్లి విన్నాడు, మళ్లీ విన్నాడు. "మాటలన్నీ ఉన్నాయి. తిట్లు కూడా ఉన్నాయి" అన్నాడు. యంత్రం కోసం ఇచ్చిన వాక్యాలు చూసి అక్క మొదటే ఎదురుతిరిగింది, వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది అట, ఇలాంటి మాట నేను పుట్టాక అనలేదు, రేపు యంత్రం నా గొంతుతో ఇలా మాట్లాడితే మా ఆయన లారీ ఎక్కి పారిపోతాడు అని, తిట్లు తనే చేర్చుకుంది. "కానీ చివర్లో దీని పొట్ట నిండిపోయినట్టుంది. ఆ తర్వాతవి పట్టలేదు. చివర్న నవ్వు చేయించానమ్మా, చిన్నది, పెద్దది, పకపకా. అవి లేవు."

"మాటల్లోంచి అతికించలేరా?"

"మాటలు అతికించొచ్చు. నవ్వు అతకదమ్మా. అతికిస్తే దగ్గులా వస్తుంది."

అక్క తలుపు తీసుకుని వచ్చింది. గొంతు అప్పటికే గాలి అయిపోయింది, వినాలంటే మొహం దగ్గర పెట్టాలి. "ఏంటే కింద కూర్చున్నావ్. బాగా వచ్చిందా?"

అబద్ధం రాలేదు. "నవ్వు పోయింది అక్కా."

అక్క "పోతే మళ్లీ నవ్వుతాం" అని మైకు దగ్గరికి వెళ్లింది, తను కూడా వెంట వెళ్లింది. అక్క నవ్వబోయింది. పళ్లు కనిపించాయి, భుజాలు ఊగాయి, చప్పుడు లేదు. మళ్లీ. బుడగ పగిలినట్టు ఏదో వచ్చింది. మెడ పట్టుకుని కళ్లు మూసుకుంది, కళ్ల చివర నీళ్లొచ్చాయి. "రావట్లేదే" అంది, అక్క అలాంటి మాట అనడం ఎవరూ వినలేదు. చెల్లెలు నవ్వించాలని చూసింది. బావ గురక చేసి చూపించింది, టమాటా తొక్కి జారిపడ్డ దళారి కథ మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. నవ్వించడం కూడా అక్క వాటాలోదే, తనకెక్కడిది. అద్దం అవతల బాబాయి మైకు గుండ్రటి బొత్తం మీద చెయ్యి తీయకుండా తలదించుకుని ఉన్నాడు. అక్కడ ఇక మిగిలిన గొంతల్లా ఎంత, ఇంకో నాలుగు మాటలా, రెండా. జేబులో ఫోన్ మోగింది. ఆపబోతే వేలు ఎక్కడో పడింది, స్పీకర్‌లో ఇన్‌ఛార్జి బద్దలయ్యాడు.

"అయిదు నిమిషాలు! అయిదు నిమిషాలు రేడియో మూగబోయింది! చదివేవాడి చేతిలో కాగితం లేదు, తెరమీద ముక్క లేదు, ఎర్ర దీపం వెలిగింది, వాడు ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తాడు మూస్తాడు, తెరుస్తాడు మూస్తాడు, చివరికి ఏమన్నాడో తెలుసా? మైకులో, ఊరందరికీ వినపడేలా, అమ్మా అన్నాడు!"

అక్క కళ్లు తెరిచింది. చెల్లెలి వైపు చూసింది, కాలిన అరికాళ్లు, దుమ్ము కొట్టిన భుజం, మాట్లాడని ఆ మొహం, మొత్తం చూసింది, ఎవరు ఆపారో అర్థమైంది. ఎక్కడో లోపల్నుంచి, కీళ్లు తుప్పుపట్టిన గేటు తెరుచుకున్నట్టు మొదలైంది, గరగరమంది, ఆగింది, మళ్లీ ఎగిసింది, దగ్గు అడ్డం వస్తే దాన్ని తోసేసింది, కడుపు పట్టుకుని వంగిపోయి అక్క నవ్వింది, బస్తాల మీద నిలబడి నవ్వినట్టే, చెవుడున్న అమ్మకి కూడా వినపడేలా. అద్దం అవతల బాబాయి ఊపిరి బిగబట్టి బొత్తం తిప్పుతున్నాడు.

"నీ ఉద్యోగం నేను..." అంటున్న ఇన్‌ఛార్జి ఆగిపోయాడు. "ఎవరమ్మా ఆ నవ్వేది?"

ఆమె గొంతు సవరించుకుంది. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది, అది వినపడకుండా పోకూడదని కాస్త పక్కకి జరిగి, గట్టిగా, గదంతా వినపడేలా చెప్పింది.

"మా అక్క సార్."